కందెన గొట్టం నుంచి గేర్ ఆయిల్ దాకా

(స్వర్ణోత్సవ సభలో ఒక పూర్వ విద్యార్థి చేసిన ప్రసంగ పాఠం)

 

పొద్దున్నుంచి డాక్టర్లు, ఇంజనీర్లు, పెద్ద ఉద్యోగాలు చేసినవాళ్లు మంచి మాటలు చెప్పారు. నాకు పావుగంట ఇచ్చి, "ఇంటికి పోయినంక పనికొచ్చేది ఒక్కటి చెప్పు" అన్నారు సంఘం మిత్రులు. నేను మెకానిక్‌ను కాదు. కానీ నా బండి పని నేనే చేసుకుంటానని మావాళ్లందరికీ తెలుసు. ఆ అలవాటు ఎట్లా వచ్చిందో, అందులో నేర్చుకున్నదేమిటో చెప్పి కూర్చుంటాను.

మనం చదువుకున్న రోజుల్లో బడి ముందర సార్ల సైకిళ్లు వరసగా ఉండేవి. ఈ రోజు అదే మైదానంలో ఎన్ని కార్లున్నాయో చూశారు. అందులో నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే బండ్లు కూడా కొన్ని ఉన్నాయి. థార్, జిమ్నీ, డస్టర్ కనబడ్డాయి. అమెరికా నుంచి వచ్చిన మన మిత్రుల్లో కొందరు అక్కడ సుబారులు నడుపుతారట. వచ్చేటప్పుడు ఒక్కొక్కరినీ అడిగాను: "ఇంజన్ ఆయిల్ ఎప్పుడు మార్చినవ్?" తేదీతో సహా చెప్పారు. "గేర్ ఆయిల్? వెనక హౌసింగ్ ఆయిల్?" అంటే ఒక్కరు తప్ప అందరూ నవ్వారు. "దానికి కూడా మార్చాలా?" అన్నారు. నా మాటంతా ఆ ప్రశ్నకు జవాబే.

మన తాతలు ఈ ప్రశ్న అడిగేవాళ్లు కాదు. ఎడ్లబండి కట్టే ముందు ఇరుసు చూసేవాళ్లు. బండి కింద ఒక గొట్టం వేలాడేది, అందులో కందెన ఉండేది. ఆముదంలో కాల్చిన గడ్డి మసి కలిపి చేసిన జిడ్డు అది. చక్రం సీల తీసి, ఇరుసుకు కందెన రాసి, మళ్లీ సీల పెట్టిన తర్వాతే జాతరకైనా, అంగడికైనా బయలుదేరేవాళ్లు. కందెన లేని బండి కూత పెడుతుంది. ఆ కూత వింటే ఊరంతా ఆ ఇంటాయన సోమరితనం గురించి మాట్లాడుకునేది.

ఆ ఆముదం ఎక్కడిదో కాదు, మనదే. పాలమూరు, నల్గొండ చలక భూముల్లో వానను నమ్ముకొని పండే పంట. పాలెం వ్యవసాయ పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన క్రాంతి, హరిత అనే ఆముదం రకాలు ఇక్కడి రైతులకు తెలిసినవే. చిక్కగా ఉండి లోహాన్ని అంటిపెట్టుకునే గుణం వల్ల మొదటి ప్రపంచ యుద్ధంలో విమానాల ఇంజన్లకు కూడా ఆముదమే వాడారు. కాస్ట్రాల్ అనే పేరు 1909లో ఇంగ్లీషులో ఆముదానికున్న 'కాస్టర్' అనే మాట నుంచే పుట్టింది. అంటే, కందెన విషయం మనకు ఎవరో కొత్తగా నేర్పాల్సింది కాదు. ఇరుసు కళ్ల ముందర ఉన్నంత కాలం మనం దాన్ని మరవలేదు. అది ఇనుప డబ్బాలోకి పోయి కనబడకుండా అయ్యేసరికి మరిచిపోయాం.

ఆ ఇనుప డబ్బా లోపల ఏముందో చెప్పడానికి మన బడి మైదానమే చాలు. ఆగస్టు 15 పరేడు గుర్తుందా? నలుగురు నలుగురు పక్కపక్కన నడుస్తూ మలుపు తిరిగేటప్పుడు డ్రిల్లు సారు అరిచేవారు. లోపలి వైపున్నవాడు దాదాపు నిలబడ్డచోటే కాళ్లాడించాలి, బయటి వైపున్నవాడు పెద్ద పెద్ద అంగలు వేయాలి. లేకపోతే వరస తెగిపోయేది. కారు మలుపు తిరిగినా అంతే. బయటి చక్రం ఎక్కువ దూరం పోవాలి, లోపలి చక్రం తక్కువ దూరం పోవాలి. ఇంజను ఒక్కటే, వచ్చే బలం ఒక్కటే. దాన్ని రెండు చక్రాలకూ పంచుతూనే వాటిని వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే పళ్ల చక్రాల కూర్పే డిఫరెన్షియల్. నాలుగు చక్రాలూ లాగే బండిలో ముందొకటి, వెనకొకటి ఉంటాయి. వాటి మధ్య బలాన్ని పంచే ట్రాన్స్‌ఫర్ కేసో, కప్లింగో ఉంటుంది. గేర్ బాక్స్ సరేసరి. మామూలు కారులో ఒకచోట ఉండే నూనె ఇందులో మూడు నాలుగు చోట్ల వేర్వేరుగా ఉంటుంది. కొన్నిచోట్ల లీటరు కూడా పట్టదు. అంత తక్కువ నూనె అంత పని చేస్తుంది.

వెనక హౌసింగులో ఉండే పెద్ద పళ్ల చక్రాన్ని మెకానిక్‌లు క్రౌన్ అంటారు, దాన్ని తిప్పే చిన్నదాన్ని పినియన్ అంటారు. చాలా బండ్లలో పినియన్‌ను క్రౌన్ నడిమి గీతకు సూటిగా పెట్టరు, కొంచెం పక్కకు దించి పెడతారు. దీన్ని హైపాయిడ్ అమరిక అంటారు. 1926లో అమెరికాలో ప్యాకర్డ్ కార్లతో ఇది వాడుకలోకి వచ్చింది. దీనివల్ల కారు నేల కిందికి దిగుతుంది, చప్పుడు తగ్గుతుంది. కానీ ఒక చిక్కుంది. పళ్లు ఒకదాని మీద ఒకటి దొర్లడమే కాదు, రాసుకుంటూ జారుతాయి. ఆ ఒత్తిడికి మామూలు నూనె పొర తెగి, ఇనుముకు ఇనుము అతుక్కుంటుంది. అందుకే ఆ నూనెలో గంధకం, భాస్వరం కలిసిన మందులు వేస్తారు. వేడికి, ఒత్తిడికి అవి ఉక్కు మీద పలుచని పొర కట్టి పళ్లను కాపాడతాయి. డబ్బా మీద జీఎల్-5 అని రాసి ఉండేది అదే. మూత తీస్తే కుళ్లిన గుడ్డు వాసన వస్తుంది.

అంత మంచిదైతే గేర్ బాక్సులో కూడా అదే పోయొచ్చు కదా అంటారు. రాగిని గంధకంతో వేడి చేస్తే నల్లబడుతుందని కెమిస్ట్రీ సారు చేసి చూపించారు, గుర్తుందా? చేతితో గేరు మార్చే చాలా గేర్ బాక్సుల్లో సింక్రోనైజర్ రింగులు ఇత్తడివి. ఇత్తడిలో ఉన్నది రాగే. ఎక్కువ గంధకం ఉన్న నూనె వాటిని మెల్లగా తినేయొచ్చు. అందుకే అలాంటి గేర్ బాక్సులకు జీఎల్-4 పోయమంటారు. రెండు డబ్బాలూ అంగట్లో పక్కపక్కనే ఉంటాయి, రంగూ ఒక్కటే. కాబట్టి అంగడాయన మాట మీద కొనకండి, బండితో వచ్చిన పుస్తకం చూసి కొనండి. ఎక్కడ ఏ రకం, ఎన్ని లీటర్లు అని అందులో రాసే ఉంటుంది.

ఇప్పుడు నా సంగతి చెబుతాను.

2020 అక్టోబరులో పడ్డ వానలు మీకందరికీ గుర్తే. ఆ వారంలో నేను, మా ఆవిడ, పిల్లలు ఊరి నుంచి తిరిగి వస్తున్నాం. దారిలో ఒక వాగు రోడ్డు మీదుగా పారుతున్నది. నాది ఫోర్ వీల్ బండి అనే ధీమాతో దిగాను. అది తప్పని ముందే ఒప్పుకుంటున్నాను. పారే నీళ్లకు ఫోర్ వీల్, టూ వీల్ అనే తేడా లేదు, ఏటా మన జిల్లాల్లో వాగుల్లో బండ్లు కొట్టుకుపోతూనే ఉన్నాయి. మేం దాటాం. దాటినందుకు గర్వపడ్డాను కూడా. ఇంటికొచ్చి బండి కడిగి, ఆ విషయం మరిచిపోయాను.

అప్పుడు లోపల ఏం జరిగిందో నాకు తెలియదు. చాలాసేపు నడిచిన బండి హౌసింగు వేడిగా ఉంటుంది. చల్లటి నీళ్లలో మునగగానే లోపలి గాలి ఒక్కసారిగా చల్లబడి ముడుచుకుంటుంది. ఆ లోటు పూడ్చుకోవడానికి గాలి గొట్టం నుంచో, సీలు సందు నుంచో బయటిదాన్ని లోపలికి పీలుస్తుంది. బయట ఉన్నది నీళ్లే కదా. బాయిల్స్ సూత్రం, చార్లెస్ సూత్రం పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నవాణ్ని, నా బండి కింద అదే సూత్రం పని చేస్తుంటే పట్టించుకోలేదు.

జనవరిలో వెనక నుంచి సన్నని కూత మొదలైంది. వేగం పెంచితే పెరిగేది, యాక్సిలరేటర్ వదిలితే మారేది. ఒకచోట చూపిస్తే టైర్ల చప్పుడు అన్నారు. రెండు టైర్లు మార్చాను. కూత పోలేదు. మరొకచోట హౌసింగ్ ఆయిల్ విషయం అడిగితే "అది లైఫ్ టైం, ముట్టుకోవద్దు" అన్నారు. నేనూ ముట్టుకోలేదు. ఫిబ్రవరిలో ఒక రాత్రి పదకొండు దాటాక దేవరకొండ దారిలో వస్తుంటే వెనక పెద్ద చప్పుడై రెండు చక్రాలూ ఒక్కసారిగా పట్టేసినాయి. బండి అడ్డం తిరిగి రోడ్డు అంచున ఆగింది. మలుపు కాబట్టి నెమ్మదిగా ఉన్నాం, ఎదురుగా లారీ రాలేదు. వెనక సీట్లో పిల్లలు నిద్రలో ఉన్నారు. ఇంతకంటే ఆ రాత్రి గురించి చెప్పలేను.

ఈ గోనె సంచిలో తెచ్చింది ఆ బండి క్రౌన్, పినియనే. ముందు వరసలో సార్లు చూడొచ్చు. పినియన్ పళ్లు మూడు విరిగినాయి. బేరింగు తుప్పుకు గుంతలు పడి పొడి అయింది. హౌసింగు విప్పినప్పుడు వచ్చింది నూనె కాదు, పాలు ఎక్కువైన చాయ. బాగు చేయడానికి నలభై వేలు దాటింది. వాగు దాటిన మర్నాడే ఒక్క నట్టు విప్పి చూసి ఉంటే వెయ్యి రూపాయల పైచిలుకు నూనెతో, అరపూట పనితో పోయేది. నన్ను కాపాడింది ఫోర్ వీల్ డ్రైవ్ కాదు, ఆ రాత్రి ఎదురుగా ఎవరూ రాకపోవడం.

ఆ తర్వాత నేర్చుకున్నాను. చేసే తీరు చెబుతాను, రాసుకునేవాళ్లు రాసుకోండి.

ఒకటి. బండి కింద దూరే ముందు ప్రాణం సంగతి చూసుకోవాలి. జాకీ బండిని ఎత్తడానికే, మోయడానికి కాదు. జాకీ మీదున్న బండి కిందికి ఎవరు చెప్పినా దూరకండి. ఇటుకలు, బండరాళ్లు అసలే వద్దు, ఇటుక చెప్పకుండా పగులుతుంది. గట్టి ఇనుప స్టాండ్ల మీద నిలబెట్టాలి, చక్రాలకు అడ్డం పెట్టాలి. నిజానికి మన ఎత్తు బండ్లకు చాలాసార్లు ఎత్తే పనే ఉండదు. చదునైన గచ్చు మీద నిలిపి, హ్యాండ్ బ్రేక్ వేసి, గేరులో పెట్టి, కింద గోనెపట్టా పరుచుకొని పడుకుంటే చెయ్యి అందుతుంది. చదును ఎందుకంటే, బండి వాలుగా ఉంటే లోపలి నూనె మట్టం తప్పు చూపిస్తుంది.

రెండు. పది కిలోమీటర్లు తిప్పి తెచ్చాక పని మొదలుపెట్టండి. గోరువెచ్చని నూనె అడుగున చేరిన మడ్డిని కూడా తీసుకొని దిగుతుంది. కాలేంత వేడి ఉంటే కాసేపు ఆగండి.

మూడు. ఇది అన్నిటికంటే ముఖ్యం. పైన నూనె పోసే నట్టు ముందు విప్పండి. అది వచ్చాకే కింద నూనె దిగే నట్టు ముట్టుకోండి. ఏళ్ల తరబడి ముట్టని నట్టు తుప్పుతో బిగుసుకుపోయి ఉండొచ్చు. నూనె అంతా వదిలేశాక పై నట్టు రాకపోతే, ఖాళీ హౌసింగుతో బండి అక్కడే ఉంటుంది, నడపలేరు. సరైన కొలత పానా వాడండి. వదులు పానాతో నట్టు మూలలు అరిగిపోతే మళ్లీ పట్టు దొరకదు.

నాలుగు. దిగిన నూనెను చూడండి. మార్చడం కంటే ఈ చూడడమే ముఖ్యమని నా నమ్మకం. కింది నట్టుకు చాలా బండ్లలో అయస్కాంతం ఉంటుంది. దానికి కాటుకలాంటి మెత్తని బూడిదరంగు ముద్ద అంటుకుంటే భయం లేదు, అది మామూలు అరుగుదల. వేళ్ల మధ్య రాస్తే గరగరలాడే ముక్కలు, పళ్ల పెచ్చులు వస్తే లోపల ఏదో విరుగుతున్నట్టు. నల్లగా ఉంటే పాతబడింది. చాయలాగా, మజ్జిగలాగా ఉంటే నీళ్లు చేరినాయి. అప్పుడు కొత్త నూనె పోసి ఊరుకోవద్దు. కొంత నడిపి మళ్లీ మార్చాలి, గాలి గొట్టం, సీళ్లు చూపించాలి.

ఐదు. కింది నట్టుకు కొత్త వాషర్ వేసి బిగించండి. పోసే రంధ్రం పక్కకు ఉంటుంది కాబట్టి డబ్బా వంచి పోయలేరు. చేతి పంపుతోనో, పై నుంచి గరాటుకు పొడుగు పైపు తగిలించో నింపాలి. చాలా హౌసింగులకు రంధ్రం అంచు దాకా వచ్చి, పొర్లి, బొట్లు బొట్లుగా ఆగిపోతే మట్టం సరిపోయినట్టు. నా బండికి వెనక రెండు లీటర్లలోపే పట్టింది. నట్లను పుస్తకంలో రాసినంత బలంతోనే, టార్క్ పానాతో బిగించండి. గేర్ బాక్స్ ఒళ్లు చాలావరకు అల్యూమినియం, మన బలమంతా చూపిస్తే మర కోసుకుపోతుంది. మర్నాడు కింద అట్టముక్క పెట్టి చూడండి, మరక లేకపోతే పని అయినట్టే.

ఇక మనం ముట్టుకోకూడనివి కూడా చెప్పాలి. ఆటోమేటిక్, సీవీటీ గేర్ బాక్సుల నూనె వేరు. చాలావాటిలో దాని మట్టాన్ని ఫలానా వేడి దగ్గరే కొలవాలి, అందుకు కంప్యూటరు తగిలించాలి. నాలుగు చక్రాల బండ్లలో ఉండే కప్లింగులకు కొన్నిటికి ప్రత్యేకమైన నూనె ఉంటుంది. సుబారు పాత ఆటోమేటిక్ బండ్లలో గేర్ బాక్స్ నూనె, ముందు డిఫరెన్షియల్ నూనె పక్కపక్కనే వేర్వేరుగా ఉంటాయి. ఒకటి విప్పబోయి ఇంకొకటి విప్పి, ఒకదాన్ని ఎండబెట్టి, ఇంకొకదాన్ని పొంగించినవాళ్లు ఉన్నారు. ఏ నట్టు దేనిదో ఖాయం కానిది పానా పెట్టకండి. వారంటీలో ఉన్న బండిని కంపెనీ వాళ్లతోనే చేయించి రశీదు దాచుకోండి. అయినా పక్కన నిలబడి దిగిన నూనె చూపించమని అడగండి. అడగడానికి పానా అక్కర్లేదు.

ఎన్నాళ్లకు మార్చాలి? పుస్తకంలో రాసింది మొదటి మాట. నేనైతే 40,000 కిలోమీటర్లకు మారుస్తాను. నీళ్లలో దిగితే మాత్రం మర్నాడే నట్టు విప్పి చూస్తాను. "లైఫ్ టైం" అంటే ఎవరి లైఫ్ టైం అని అడగడం కూడా నేర్చుకున్నాను.

చివరిగా పాత నూనె. మనవాళ్లు దాన్ని తలుపులకు, వాసాలకు పూస్తారు, చెదలకు పోస్తారు, మిగిలింది మోరీలో ఒంపుతారు. నల్గొండ జిల్లా వాళ్లకు నీళ్ల గురించి నేను చెప్పాలా? ఫ్లోరైడు నీళ్లు తాగి వంగిపోయిన నడుములను, వంకర కాళ్లను చూస్తూ పెరిగినవాళ్లం. పటికతో, సున్నంతో ఫ్లోరైడు తీసే పద్ధతికి నాగపూర్ నీరి సంస్థ వాళ్లు మన జిల్లా పేరే పెట్టి 'నల్గొండ టెక్నిక్' అన్నారు. ఆ ఫ్లోరైడు మన నేలలోని రాళ్లలోనే ఉంది, మనం పోసింది కాదు. ఈ నూనె మాత్రం మనం పోసేదే. ఒక్కసారి మార్చిన నూనె పది లక్షల గ్యాలన్ల మంచినీళ్లను పాడు చేయగలదని అమెరికా పర్యావరణ సంస్థ లెక్క, అంటే దాదాపు 38 లక్షల లీటర్లు. మన దేశంలో కూడా వాడిన నూనె 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల కిందికి వస్తుంది. దాన్ని మళ్లీ శుద్ధి చేయించే బాధ్యతను 2024 ఏప్రిల్ 1 నుంచి నూనె తయారుచేసే కంపెనీల మీద కూడా పెట్టారు. కాబట్టి దిగిన నూనెను కొత్త నూనె వచ్చిన డబ్బాలోనే తిరిగి పోసి, గట్టిగా మూత పెట్టి, పాత ఆయిల్ డ్రమ్ము పెట్టుకునే పెద్ద సర్వీస్ సెంటర్‌కు ఇచ్చి రండి. నేను అట్లాగే ఇస్తున్నాను. మొదటిసారి వింతగా చూశారు, ఇప్పుడు అలవాటైంది.

ఒక్క విన్నపంతో ముగిస్తాను. స్వర్ణోత్సవ గుర్తుగా బడికి ఏమివ్వాలని సంఘంలో చర్చ నడుస్తున్నది. గేటు, వాటర్ ట్యాంకు, బెంచీలు అన్నీ కావాల్సినవే. నేను మాత్రం ఈ గోనె సంచిలోదాన్ని సైన్సు గదికి ఇస్తున్నాను. దీనికి తోడు బాగున్న పాత హౌసింగు ఒకటి కొని, లోపలి పళ్లు కనబడేటట్టు కోయించి, చేత్తో తిప్పే పిడి పెట్టించి పక్కన పెట్టే ఖర్చు నాది. పిల్లలు ఒక చక్రం పట్టుకొని ఇంకొకటి ఎట్లా తిరుగుతుందో చూస్తారు. పక్కనే విరిగిన పళ్లు కూడా ఉంటాయి. ఒకటి ఎట్లా పని చేస్తుందో చూపిస్తుంది, ఇంకొకటి చూడకపోతే ఏమవుతుందో చెబుతుంది.

సార్లు మమ్మల్ని అడిగింది ఎప్పుడూ ఒక్కటే, "విప్పి చూశావా?" అని. పుస్తకం గురించి అడిగేవారు. ఆ మాట బండికి కూడా వర్తిస్తుందని తెలుసుకోవడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది. మీకు అంత పట్టకూడదని చెప్పాను.

 సాయంత్రం పోయే ముందు ఎవరి బండి కిందికైనా తొంగి చూడాలంటే పిలవండి. గోనెపట్టా నా డిక్కీలోనే ఉంది.